రెండు చుక్కల బ్రాకెట్

బయలుదేరక ముందు

పనసబందకు కొయ్యూరు దాకా తారు రోడ్డు ఉంది. అక్కడినుంచి కొంత దూరం సిమెంటు. ఆ పైన ఉన్నదాన్ని రోడ్డు అని ఎవరైనా అంటే మర్యాదకు ఒప్పుకోవాలి. అలాంటి దారుల కోసమే చేసిన బండి మీద ఈ ఫాల్గుణంలో అక్కడికి వెళ్ళి వచ్చాను.

ముందు బండి సంగతి చెప్పాలి. నూట ఇరవై అయిదు సీసీ, రెండు స్ట్రోకుల జపాను బండి. వయసు యాభై దాటింది. రాళ్ళు ఎక్కడానికి ముందు చక్రం వెనక దానికన్నా పెద్దది. గెడ్డలు దాటేటప్పుడు నీళ్ళు చేరకుండా సైలెన్సరు సీటు పక్కనుంచి పైకి పోతుంది. బురద ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డు టైరుకు జానెడు ఎత్తున ఉంటుంది. ఏదో నీటి ప్రాజెక్టు సర్వే కోసం విశాఖ రేవులో ఇలాంటివి రెండు దిగాయి. సర్వే ముగిశాక వేలం వేస్తే మా నాన్నగారు రెండూ పాడుకున్నారు. అప్పట్లో మాకు కొండల మీద కలప కొట్టుకునే కూపులు, కింద జీడితోటలు ఉండేవి. ఇప్పుడు నాకు రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక బండి ఉన్నాయి. ఇందుకు ఎవరూ జాలి పడనక్కర్లేదు.

రెండింటిలో ఒకటి ఇంటిది. రెండోది కూపుల మీద మా మనిషి సోమన్నకు ఇచ్చారు. రెండూ ఒకే అచ్చు. విప్పినప్పుడు భాగాలు కలిసిపోకూడదని నాన్నగారు ప్రతిదాని మీదా పంచుతో గుర్తు కొట్టించారు. ఇంటి బండికి ఒక చుక్క, కొండ బండికి రెండు చుక్కలు. మా ఇంట ఒక పద్ధతి ఉండేది. కొత్త సామాను ఏదొచ్చినా ఇంటి బండికి వేసేవాళ్ళం. తీసిన పాతది కొండ బండికి పోయేది. అరిగిన చైను, అరిగిన బ్రేకు షూలు, కమిలిన క్లచ్ ప్లేట్లు అన్నీ కొండెక్కేవి. పెద్దవాళ్ళ చొక్కాలు పిల్లలకు వేయడం లాంటిదే అనుకునేవాళ్ళం.

మొన్న మాఘంలో హ్యాండిలు దగ్గర కటకట మొదలైతే బండిని మా ఊరి అప్పలసామి మేస్త్రీ దగ్గరకు నడిపించుకు వెళ్ళాను. పాత రెండు స్ట్రోకుల ఇంజిన్ల పొగ వాసన చూసి జబ్బు చెప్పగల మనిషి నర్సీపట్నంలో ఆయన ఒక్కడే మిగిలాడు. ముందు చక్రం తీసి, ఫోర్కు గొట్టాలు దింపి, వాటిని పట్టి ఉంచే కింది బ్రాకెట్‌ను కిరసనాయిలులో కడిగి వెలుగులో తిప్పి చూశాడు.

"ఏటి బాబూ, ఇది మీ దాని సామాను కాదేటి? రెండు సుక్కలున్నాయి."

"తెలుసు."

"మరి మీ ఒంటి సుక్కదేటయ్యింది?"

"కొండమీద ఉండాలి."

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు స్నేహితుల ముందు గెడ్డలో బండి దూకించి ఆ ఒంటి చుక్క బ్రాకెట్‌ను నేనే పగలగొట్టాను. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. సోమన్న బండి సర్వీసుకు దిగినప్పుడు దాని బ్రాకెట్ తీసి మన బండికి వేయించారు. పగిలినదానికి ఇత్తడితో అతుకు పెట్టించి, నల్లరంగు వేయించి, సోమన్న బండికి బిగించారు. "కొండమీద నెమ్మదిగానే పోతాడులే" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సోమన్నకు ఎవరూ చెప్పలేదు.

నాలుగు నెలలకు ఘాటులో సోమన్న బండి పడింది. వెనక కూర్చున్న అతని భార్య అక్కడికక్కడే పోయింది. కల్లు తాగి నడిపానని సోమన్నే చెప్పాడని నాన్నగారు వచ్చి చెప్పారు. ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత రెండేళ్ళలో కూపులు పోయాయి, కొండ బండి కొండమీదే ఉండిపోయింది. నేను ముప్పై రెండేళ్ళు ఆ వైపు వెళ్ళలేదు.

అప్పలసామి బ్రాకెట్ తుడుస్తూ, "అతుకేసినదా? నిలిస్తే ఇప్పుడికీ ఉంటాది. ఇరిగితే ఏనాడో ఇరిగుంటాది" అన్నాడు.

అతుకు నిలిచి ఉంటే ఆమె చావుకు కల్లు కారణం. విరిగి ఉంటే మేము. నాకు తెలియవలసినది అంతే. చూసి రావాలని బయలుదేరాను. నిలిచే ఉంటుందని ఆశ ఉన్న మాట దాచను.

గొలుగొండ దగ్గర పొగ

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా టక్ చేసి బయలుదేరాను. నాన్నగారు ఈ బండి మీద కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేవారు, నేనూ అంతే. గొలుగొండ దాటకముందే ఇంజిన్ తెల్లటి పొగ కక్కి, దగ్గి ఆగింది.

ఈ బండ్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఇప్పటి పెట్రోలులో స్పిరిట్ కలుపుతున్నారు. పాత కార్బురేటర్లలో రబ్బరు భాగాలు దానికి ఉబ్బిపోతాయి, అడుగున నీరు చేరుతుంది. దానికి తోడు నేను రెండు స్ట్రోకుల ఆయిలు చేయి జారి ఎక్కువ కలిపాను. ప్లగ్గు విప్పితే మొన మసి పట్టి తారుముద్దలా ఉంది.

టీ బడ్డీ దగ్గర కూర్చుని గరుకు కాగితంతో రుద్దుతున్నాను. టీ పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత. కొత్త బండి మీద వచ్చిన ఒక కుర్రాడు నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తాతగారూ, ఇది ఏ కంపెనీదండీ? దోమల మందు కంపెనీదా?"

బడ్డీలో ఉన్న నలుగురూ నవ్వారు. టీ కాసే మనిషి, "ఒరే, ఆయన ఎవరనుకున్నావు? ఆయన నాన్నగారి జీపు ఈ రోడ్డు మీద పోతే మీ తాత సైకిలు దిగి నిలబడేవోడు" అన్నాడు. కుర్రాడు, "ఇప్పుడు ఈయనే దిగి నిలబడ్డాడు కదేటి" అన్నాడు.

నేను టీ డబ్బులు బల్ల మీద పెట్టి, ప్లగ్గు బిగించి, రెండో కిక్కుకు బండి తీశాను. రెండో కిక్కుకు లేచినందుకు మాత్రం సంతోషించాను.

కొయ్యూరు సంత

కృష్ణదేవిపేట దాటాక గాలి మారుతుంది. జీడిపూత వాసన వెనకబడి, రాలిన ఇప్పపూల తీపి వాసన మొదలవుతుంది. కొయ్యూరు చేరేసరికి సంత నిండుగా ఉంది. చింతపండు, పసుపు, కొండచీపుర్లు, కుట్టిన అడ్డాకు విస్తళ్ళు. చీపురుకట్ట నలభై చెప్పారు, మా ఊళ్ళో అదే ఎనభై.

కింద మా ఊళ్ళలో కొలతపాత్ర నింపి పైన చేత్తో చదును చేస్తారు. ఇక్కడ కొండవాళ్ళు ఏది కొలిచినా శిఖరం కట్టి, రాలినవి కూడా కొన్నవాడి సంచిలోకే ఊడ్చి పోస్తారు. చిన్నప్పుడు నాన్నగారి వెంట వచ్చినప్పుడు వాళ్ళ దగ్గర శిఖరం కట్టించుకుని, బియ్యం ఇచ్చేటప్పుడు చదును చేసి ఇవ్వడం చూశాను. అప్పుడు అది తెలివి అనుకున్నాను.

ఆకులో వేడి సోడి ముద్ద, అంటే రాగిముద్దే, ఎండుచేపల పులుసు పెట్టారు, అరవై రూపాయలు. పక్కన తింటున్న మనిషిని పనసబంద సోమన్న తెలుసా అని అడిగాను.

"బండి సోమన్నా? తెలీకేటి! ఆ డుగుడుగు వినపడితే కొండమీద కోళ్ళు కూడా పక్కకి తప్పుకుంటాయి. మీరేటవుతారు?"

"తెలిసినవాణ్ణి" అన్నాను.

ఘాటు మలుపు

సిమెంటు అయిపోయాక ఎర్రమట్టి, రాళ్ళు, వాన కోసిన చాళ్ళు. ఇక్కడ మాత్రం కొత్త బండ్లకన్నా మా బండే మేలు. తేలిక, సన్నం. మొదటి గేరులో నడిచే మనిషి వేగంతో, పడకుండా ఎక్కుతుంది. ఆరో మలుపులో, లోయ వైపు, రోడ్డు పక్కన చిన్న రాళ్ళ కుప్ప ఉంది. దాని మీద ఎండిన రెమ్మలు, పచ్చి రెమ్మలు. కట్టెలమోపుతో దిగుతున్న ముసలమ్మ ఒకామె ఒక రెమ్మ విరిచి దాని మీద వేసి, నాకేసి చెయ్యి ఊపింది.

"ఆపు బాబూ. ఒక రాయో రెమ్మో ఏసి ఎల్లు. ఇక్కడ ఒక ఆడమనిషి పడి సచ్చిపోనాది. దారి పోయినోలం అందరం ఏస్తాం."

"ఎక్కేటప్పుడు ఆపితే ఇంజిన్ వేడెక్కిపోతుంది" అన్నాను.

"ఇంజినికేటి, సల్లారతాది" అంది.

నేను ఆపలేదు. ఇంజిన్ ఆపి ఉంటే మళ్ళీ లేచేదే. ఆమె ఎవరి గురించి చెప్పిందో నాకు తెలుసు. అద్దంలో చూస్తే, మోపు నెత్తిన పెట్టుకుని నేను వెళ్ళిన వైపే చూస్తూ నిలబడి ఉంది.

పనసబంద

ఇరవై గడపల ఊరు. నా బండి చప్పుడు విని ఒక పాకలోంచి డెబ్బై ఏళ్ళ మనిషి కుంటుకుంటూ బయటకు వచ్చాడు. ముఖం చూడకుండా ముందు బండినే చూశాడు.

"పెద్దబాబుగారి బండి" అన్నాడు సోమన్న. తర్వాత నన్ను చూసి, "సినబాబు!" అని రెండు చేతులూ జోడించాడు. నన్ను అలా పిలిచేవాళ్ళు కింద ఎవరూ మిగలలేదు. నాకు బాగానే అనిపించింది. ఆ అనిపించడాన్ని ఇప్పుడు తలుచుకుంటే బాగాలేదు.

సోమన్నకు ఒక కూతురు, చిలకమ్మ. తల్లి పోయేనాటికి పన్నెండేళ్ళది. ఇప్పుడు నలభై నాలుగు. ఇదే ఊరివాణ్ణి చేసుకుంది, భర్త చనిపోయాక తండ్రి పక్క పాకలోనే ఉంటోంది. ఆమె తెచ్చిన నీళ్ళు అందుకుంటూ క్షేమం అడిగాను. ముక్తసరిగా చెప్పింది. తర్వాత, మూరెడు దూరంలో నిలబడ్డ తండ్రిని చూడకుండా నాతో అంది:

"అంబలి కుండలో ఉందని ఆ ముసిలోడికి సెప్పండి."

నేను సోమన్నవైపు తిరిగాను. ఆయన చిన్నగా నవ్వి, "విన్నానని సెప్పండి బాబూ" అన్నాడు.

తర్వాత తెలిసింది. ముప్పై రెండేళ్ళుగా చిలకమ్మ తండ్రికి వండి పెడుతోంది, ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. కూర్చుని కలిసి తినలేదు. సంతకు నడిచే వెళ్తుంది, ఆ బండి ఎక్కదు. ఊరు దానికి అలవాటు పడిపోయింది. పక్కింటివాళ్ళే ఇటు మాట అటు చేరవేస్తారు.

"తాగి మా అమ్మని సంపేసినాడు కదా" అని నాకు తానే చెప్పింది, వాన సంగతి చెప్పినట్టు. సోమన్న వింటూనే ఉన్నాడు. అంబలి తాగుతున్నాడు.

రెండు బండ్లు పక్కపక్కన

రెండు బండ్లనూ పోల్చి చూసుకుందామని వచ్చానని చెప్పాను. సోమన్న సంతోషపడ్డాడు. మర్నాడు పొద్దున్నే తన బండిని మా బండి పక్కన నిలబెట్టాడు. నేను సిగ్గుపడ్డాను. మాది రంగు తళతళ, లోపల మసి. అతనిదానికి రంగు ఎప్పుడో పోయింది, కానీ ఎక్కడా నూనె చెమ్మ లేదు. గాలి వడగట్టే స్పాంజిని కుంకుడు రసంలో ఉతుకుతాడు. సైలెన్సరు లోపలి గొట్టాన్ని ఏడాదికి రెండుసార్లు నిప్పుల్లో కాల్చి మసి దులుపుతాడు. కార్బురేటరు జెట్టు తీగతో పొడవడు.

"తీగెట్టి పొడిస్తే కన్నం పెద్దదైపోద్ది బాబూ. పెట్రోలు తాగేస్తాది. సీపురు పుల్లే మంచిది" అని నా జెట్టు విప్పి వెలుగుకు పట్టి చూశాడు. "ఇది ఎవరో పొడిసీసినారు."

పొడిచింది నేనే.

ఇంజిన్లు పోల్చాం. అతనిది చల్లగా ఉన్నా ఒక్క కిక్కుకు లేస్తుంది. నాది రెండో మూడో. బ్రేకులు అతనివే మేలు. తర్వాత అతని బండి తీసుకుని ఊరి చివరి దాకా వెళ్ళి వచ్చాను. వదిలితే హ్యాండిలు ఎడమకు లాగుతోంది. పట్టి ఉంచకపోతే నేరుగా లోయలోకి పోతుంది.

"ఎప్పటినుంచి ఇలా?"

"పడిన కాన్నుంచీ. ఆ బ్రాకెట్ ఇరిగిపోతే ఏరే బండిది ఒకటి కొని కోయించి పెట్టించినాను. అదే అచ్చు ఎక్కడ దొరుకుద్ది? అలవాటైపోనాది. కుడికి ఒత్తి నడుపుతాను."

విరిగిపోతే, అన్నాడు. నేను ఏ మాట వినడానికి ఇంత దూరం వచ్చానో అది స్పానర్లు తుడుచుకుంటూ అనేశాడు. వంగి చూశాను. దాని మీద చుక్కలు లేవు.

నేను లేచి నిలబడి చెప్పాను. ఇలాంటివి కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. గెడ్డలో నేను పగలగొట్టిన సంగతి, నాన్నగారు మార్పించిన సంగతి, ఇత్తడి అతుకు, నల్లరంగు, నేను పక్కన నిలబడి ఊరుకున్న సంగతి, అన్నీ వరసగా చెప్పాను. సోమన్న చేతిలో గుడ్డ ఆగలేదు.

"అది నాకు తెల్సు బాబూ."

"ఎలా తెలుసు?"

"పడిన నాడే సూసినాను. ఇరిగిన కాడ పచ్చగా ఉన్నాది. ఇనుము ఇరిగితే పసుపు రాదు కదేటి." గుడ్డ దులిపి మడిచాడు. "మూడో నాడు పెద్దబాబు వచ్చినారు. కల్లు తాగి పడ్డానని సెప్పు సోమన్నా, కేసూ గీసూ ఉండదు, బండి నీకే ఉంచేస్తాను అన్నారు. సరేనన్నాను."

"అయితే నువ్వు తాగలేదా?"

"మా ఇంటిదానికి నాలుగు రోజుల్నుంచి జొరం. ఆసుపత్రికి ఒట్టుకెల్తున్నాను. అలాటప్పుడు తాగుతానేటి? మెల్లగానే దిగుతున్నాను. బ్రేకు ఏసినాను. ముందు సక్రం నా ముందే పక్కకెల్లిపోనాది."

నాన్నగారు నాతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన మాట ఇస్తే తప్పరని కింద ఇప్పటికీ చెప్పుకుంటారు, నేనూ చెబుతుంటాను. బండి ఉంచేస్తానన్నారు, ఉంచేశారు. ఆ మాట తప్పలేదు.

పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. చిలకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యా" అంది.

సోమన్న తల ఎత్తాడు. అతని చెయ్యి అప్పుడు ఆగింది.

"నువ్వు తాగనేదా?"

"నేదమ్మా."

"నాకెందుకు సెప్పనేదు?"

"మాటిచ్చినాను. నీకు సెప్తే నువ్వు ఊరుకుంటావేటి? అప్పుడికి సిన్న గుంటవి. ఆలేమో పెద్దోలు." మడిచిన గుడ్డ పక్కన పెట్టాడు. "తరవాత సెప్దునా? సెప్పినా నమ్మవనిపించింది."

ఆమె ఏడవలేదు. గుమ్మం దిగి నా ముందుకు వచ్చింది.

"ముప్పై రెండేళ్ళు నా నోటితోటే మా అయ్యని తిట్టించినారు బాబూ. మీ నాయన ఓ మాట సెప్పి ఎల్లిపోనాడు, నాను రోజూ సెప్పుకున్నాను. మీకు తెల్సు కదా. ఏ ఏడైనా ఓ రోజు ఎక్కి రాలేకపోనారేటి? ఎంత దూరం?"

దూరం నాలుగు గంటలు. "ఏం చేయమంటావు? నా చేతనైనది ఇస్తాను" అన్నాను.

"నాకేటీ ఒద్దు. మీ కాడ మాది ఒకటున్నాది. అది ఇచ్చీయండి."

"ఏది?"

"రెండు సుక్కలది."

గుండ్లు

ప్లగ్గూ జెట్టూ తప్ప ఈ బండిలో నేను ఎన్నడూ ఏదీ స్వయంగా విప్పలేదు. పేర్లన్నీ తెలుసు, పని మేస్త్రీలది. ఆ రోజు విప్పాను. చక్రం వచ్చింది. ఫోర్కు గొట్టాలు రాలేదు, చేతులు జారి వేళ్ళ కణుపులు చితికాయి. సోమన్న వచ్చి నా మణికట్టు పట్టుకుని, "అటు కాదు బాబూ, ఎడం పక్కకి" అని స్పానరు తిప్పించాడు. బ్రాకెట్ కిందికి దిగగానే లోపలి ఉక్కు గుండ్లు జలజల రాలి మట్టిలో పడ్డాయి. ఎన్ని రాలాయో లెక్క నాకు తెలియదు, అతనికి తెలుసు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరాం. చిలకమ్మ చూస్తూ నిలబడింది. చివరి గుండు తన కాలి దగ్గరుంటే వంగి తీసి తండ్రి అరచేతిలో వేసింది.

సాయంత్రానికి రెండు చుక్కల బ్రాకెట్ రెండు చుక్కల బండికి చేరింది. ఎడమకు లాగే పాతది నేల మీద ఉంది. సోమన్న దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది మీదానికి బిగించీనా బాబూ? మెల్లగా కిందికెల్లిపోవచ్చు" అన్నాడు. ఆ మనిషి మంచితనం ఎంత బరువో నాకు అప్పుడు తెలిసింది.

"ఒద్దు" అంది చిలకమ్మ. "అది మా అయ్య కొన్నాడు. అదీ మాదే."

ఆమె అన్నది న్యాయం.

సోమన్న బండి తీశాడు. ఊరి చివరి దాకా వెళ్ళి వచ్చాడు. రావడంలో బండి రోడ్డు మీద నిలకడగా లేదు, పదే పదే కుడి గట్టు వైపు పోయింది. బండి ఇప్పుడు సూటిగానే ఉంది. ముప్పై రెండేళ్ళు కుడికి ఒత్తిన చెయ్యి ఇంకా ఒత్తుతోంది. దిగి, అరచెయ్యి చూసుకుని, "మల్లీ నేర్సుకోవాలి" అన్నాడు.

ఆ రాత్రి నాకు అరటాకులో అన్నం, పనసపొట్టు కూర పెట్టారు. తండ్రీకూతుళ్ళు అటు పాకలో తిన్నారు. మాటలేమీ వినపడలేదు. ఒక్క చోట తిన్నారన్నది మాత్రం విస్తళ్ళు బయట పడేసినప్పుడు చూశాను, ఒకదానిలో ఒకటి మడిచి ఉన్నాయి.

మళ్ళీ అదే మలుపు

మర్నాడు పసుపు దింపే ట్రక్కు ఆటోలో నా బండిని పడుకోబెట్టారు. ముందు భాగం లేకుండా అది తల తీసిన జంతువులా ఉంది. చక్రం, గొట్టాలు గోనెలో కట్టారు. కొయ్యూరు దాకా ఆరువందలు అడిగారు, బేరం ఆడలేదు. చిలకమ్మ తానూ వస్తానని బస్తాల మీద ఎక్కి కూర్చుంది. సోమన్న గుమ్మం దాకా వచ్చి మళ్ళీ చేతులు జోడించాడు. ఈసారి సినబాబు అనలేదు.

ఆరో మలుపులో చిలకమ్మ ఆటో ఆపించింది. నేనూ దిగాను. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తీసుకుని కుప్ప దగ్గరకు నడిచాను.

"ఒద్దు బాబూ" అంది. "ఎక్కినప్పుడు ఆపమంటే ఆపనేదంట కదా. ముసిలమ్మ నిన్ననే సెప్పింది."

రాయి చేతిలోనే ఉండిపోయింది. ఆమె కూర్చుని రెమ్మలు పక్కకు తీసి, రాళ్ళ మధ్యలో చెయ్యి పెట్టి ఒక మూట బయటకు లాగింది. మోటారు ట్యూబు ముక్కలో చుట్టి ఉంది. విప్పి నాకు ఇచ్చింది. రెండు ముక్కలైన బ్రాకెట్.

"మా అయ్య ఏటేటా వచ్చి దీనికి గ్రీజు రాసి ఎల్తాడు. ఇనపముక్కకి గ్రీజేటి, పిచ్చోడు అనుకున్నాను. మీది మీరు ఒట్టుకెల్లండి. మా అమ్మకాడ మీ సామాను ఒద్దు."

ఆమె కొండెక్కే దారిలో తిరిగి నడిచి వెళ్ళిపోయింది. ఆటో కొయ్యూరు వైపు దిగింది. ఆ రెండు ముక్కలు నా ఒళ్ళో ఉన్నాయి. బొటనవేలితో గ్రీజు తుడిస్తే, ఒకదాని మీద మా చుక్క కనబడింది. ఒక్కటే చుక్క.

ఇప్పుడు మా బండి వరండాలో ఇటుకల మీద ఉంది. అలాంటి బ్రాకెట్ లేతు మీద చేయిస్తానని అప్పలసామి అన్నాడు. వద్దన్నాను. చూడవచ్చినవాళ్ళు ముందు చక్రం ఏమైందని అడుగుతారు. విరిగిన ముక్కలు సీటు మీదే ఉంటాయి. తీసి వాళ్ళ చేతిలో పెట్టి, నాన్నగారి పేరుతో మొదలుపెట్టి, మొత్తం చెబుతాను. కొందరు నమ్మరు. అప్పుడు ముక్కను తిప్పి చూపిస్తాను. విరిగిన చోట ఇత్తడి ఇంకా పచ్చగానే ఉంది.